పొడుగాటి బ్యాలెట్ పేపర్, చెల్లని ఓట్లు: అసలు లోపల జరిగేదేమిటి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో ప్రతిసారీ వేలకొద్దీ ఓట్లు మురిగిపోతున్నాయి. ఓటర్లేమో అందరూ డిగ్రీ చదివినవాళ్ళే. బ్యాలెట్ పేపర్ దుప్పటంత ఉండటమే దీనికి కారణమా? అభ్యర్థుల సంఖ్యకు హద్దు పెడితే ఈ తికమక పోతుందా?

నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఉద్యోగంలో ఎన్నికల డ్యూటీ తప్పేది కాదు. పీఓగా, అంటే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా బూత్‌లోనూ కూర్చున్నాను, కౌంటింగ్ టేబుల్ దగ్గరా కూర్చున్నాను. నాకు తెలిసినంతలో పొడుగు బ్యాలెట్ ఓటర్‌ని విసిగిస్తుంది, క్యూ కదలనివ్వదు, పోలింగ్ సిబ్బందికి చుక్కలు చూపిస్తుంది. ఓటు చెల్లకుండా పోవడానికి మాత్రం చాలావరకు వేరే కారణాలున్నాయి.

ముందు ఎమ్మెల్సీ లెక్కలే చూద్దాం. 2021 మార్చిలో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానంలో 93 మంది నిలబడ్డారు. నల్గొండ–ఖమ్మం–వరంగల్‌లో 71 మంది. బ్యాలెట్ పేపర్ న్యూస్‌పేపర్ సైజులో వచ్చింది, మామూలు పెట్టెల్లో పట్టదని జంబో బాక్సులు తెప్పించారు. రెండు చోట్లా మూడున్నర లక్షలకు పైగా ఓట్లు పోలయ్యాయి, రెండు చోట్లా 21 వేలకు పైగా చెల్లలేదు. అంటే నూటికి ఐదారు.

2024లో అదే నల్గొండ–ఖమ్మం–వరంగల్‌కు ఉప ఎన్నిక వచ్చింది. ఈసారి 52 మందే. పేపర్ చిన్నదైంది కాబట్టి చెల్లనివి తగ్గాలి కదా? పెరిగాయి! పాతిక వేలు దాటాయి, పైగా పోలైన ఓట్లు అంతకు ముందుకంటే తక్కువ. 2025లో మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ స్థానంలో 56 మంది పోటీలో ఉంటే, పోలైన రెండున్నర లక్షల్లో నూటికి పదికి పైగా చెల్లలేదు. గెలిచినాయనకూ రెండో స్థానంలో ఉన్నాయనకూ మధ్య తేడా కంటే చెల్లని ఓట్లు ఎన్నో రెట్లు ఎక్కువ.

93 పేర్లున్న పేపర్ మీద ఆరు శాతం, 56 పేర్లున్న పేపర్ మీద పదికి పైన. జిల్లాలు వేరు, ఓటర్లు వేరు, కాబట్టి ఈ నాలుగు ఎన్నికలతోనే ఏదో తేల్చేశామని అనను. కానీ పొడుగే దోషి అయితే లెక్క ఇలా తలకిందులుగా రాకూడదు.

మరి ఆ పేపర్లలో ఏముంటుంది? ఎమ్మెల్సీ కౌంటింగ్‌లో పెట్టెలు తెరిచి, కాగితాలు కలిపి, కట్టలు కట్టాక చెల్లుబాటు చూస్తారు. అనుమానం ఉన్నవి పక్క ట్రేలో పడతాయి. ఆ ట్రే దగ్గర కాసేపు కూర్చుంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఎక్కువగా కనిపించేది టిక్కు. నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా, సరైన గడిలో, చక్కగా, గట్టిగా టిక్కు పెట్టి ఉంటుంది. తను ఎవరికి వేయాలనుకున్నాడో ఆ ఓటర్‌కి పూర్తిగా తెలుసు. అంత పెద్ద పేపర్‌లో ఆ పేరు వెతికి పట్టుకున్నాడు కూడా. తికమకపడింది అక్కడ కాదు. ఇష్టాన్ని బట్టి 1, 2, 3 అని అంకె వేయాల్సిన చోట టిక్కు పెట్టాడు, ఓటు పోయింది. ఇంకొకాయన అంకె వేయకుండా అక్షరాల్లో ‘ఒకటి’ అని రాస్తాడు. అదీ చెల్లదు. మరొకరు ముగ్గురికి మూడు ‘1’లు వేస్తారు, ముగ్గురూ మంచివాళ్ళే అనుకున్నారో ఏమో. ఇక సంతకాలు! బ్యాంకు చెక్కు మీద పెట్టినట్టు కింద సంతకం, పక్కన తేదీ. చదువుకున్నవాళ్ళకు కాగితం చేతికిస్తే సంతకం పెట్టకుండా ఉండలేరేమో అని మా టేబుల్ మీద నవ్వుకునేవాళ్ళం. ఓటర్ ఎవరో గుర్తుపట్టేలా ఏ గీత ఉన్నా, ఏ రాత ఉన్నా ఆ ఓటు తిరస్కరించాలి. నినాదాలు, ఉద్యోగాల నోటిఫికేషన్ ఎప్పుడని నిలదీతలు, తిట్లు కూడా ఉంటాయి. వాటిలో కొన్ని కావాలని పాడుచేసినవే, వాళ్ళని తికమకపడ్డవాళ్ళ లెక్కలో వేయకూడదు.

పెన్ను సంగతీ చెప్పాలి. బూత్‌లో ఇచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే అంకె వేయాలి. జేబులో పెన్ను అలవాటున్నవాళ్ళు అలవాటుగా అదే తీసి వేసేస్తారు. అంకె సరిగ్గా ఉన్నా అది చెల్లదు.

ఇవన్నీ కలిపి చూస్తే మీకే అర్థమవుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఓటర్ ముద్ర వేశాడు, తర్వాత బటన్ నొక్కాడు. ఎప్పుడూ ఒక్కరినే ఎంచుకున్నాడు. ఆరేళ్ళకోసారి వచ్చే ఈ ఎన్నికలో మాత్రం, ‘ముద్ర వద్దు, టిక్కు వద్దు, 1, 2, 3 అని ప్రాధాన్యం రాయి’ అంటున్నాం. డిగ్రీ ఉన్నంత మాత్రాన చెయ్యి అలవాటు మారదు. పేపర్‌లో ఐదు పేర్లే ఉన్నా టిక్కు పెట్టేవాడు టిక్కే పెడతాడు.

టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికతో పోల్చి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అక్కడా ఇదే పద్ధతి, ఇదే స్కెచ్ పెన్ను. 2025లో తెలంగాణలోని రెండు టీచర్ స్థానాల్లో చెల్లనివి వందల్లోనే ఉన్నాయి, శాతం గ్రాడ్యుయేట్లలో మూడో వంతు దాకానో అంతకంటే తక్కువో. ఓటేసేవాళ్ళలో చాలామంది పీఓలుగా, వాళ్ళ సహాయకులైన ఏపీఓలుగా పనిచేసినవాళ్ళే కాబట్టి ఆ మాత్రం తేడా ఉండాలి. అయినా ‘పిల్లలకు చెప్పే పంతుళ్ళకే ఓటేయడం రాలేదు’ అని ప్రతిసారీ పేపర్లో వస్తుంది. మా జాతికి ఆ మాట పడక తప్పదు.

ఇప్పుడు పొడుగు సంగతికి వస్తాను. దాన్ని తూచడానికి మన దగ్గర 2019 నిజామాబాద్ కంటే మంచి ఉదాహరణ లేదు. పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర కావాలి అని రైతులు పట్టుబట్టి 178 మంది లోక్‌సభకు నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. అన్ని పేర్లకు మెషిన్లు సరిపోవు, పేపర్ బ్యాలెటే పెడతారనే మాట మొదట్లో గట్టిగా నడిచింది. ఒక బ్యాలెట్ యూనిట్‌కు 16 బటన్లే ఉంటాయి. పాత రకం మెషిన్లకు నాలుగు యూనిట్లు మించి తగిలించలేం, అంటే నోటాతో కలిపి 64 పేర్లు. కొత్త ఎం3 రకానికి 24 యూనిట్ల దాకా తగిలించవచ్చు. చివరికి ఆ ఎం3లే తెప్పించి, ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు ‘ఎల్’ ఆకారంలో పేర్చారు. 192 బటన్లు. 185 మంది, నోటా పోను మిగిలిన ఆరు బటన్లు మూసేశారు. మాక్ పోల్‌కే బోలెడు టైమ్ పడుతుందని పోలింగ్‌ను ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా పెట్టారు. తెల్లారకముందే ఏజెంట్లను కూర్చోబెట్టి అన్ని బటన్లూ నొక్కి చూపించడం అంటే మామూలు టెన్షన్ కాదు.

ఆ రోజు ఒక పెద్దమ్మ లోపలికి వెళ్ళి వరసగా పేర్చిన మెషిన్లను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, వెనక్కి తిరిగి అడిగిన మాట ఇదీ: “ఇన్నిట్ల ఒక్కటే ఒత్తాల్నా సారూ, ఒక్కోదాంట్ల ఒక్కోటి ఒత్తాల్నా?”

నూటఎనభై ఐదు పేర్లలో తనకు కావాల్సింది ఎక్కడుందో ఆమె అడగలేదు. గుర్తు వెతుక్కోగలనన్న ధీమా ఆమెకుంది. ఆమె సందేహమల్లా చేయాల్సిన పని గురించి. నేను నా కుర్చీ దగ్గర నుంచే, “ఒక్కటే అమ్మా, యాడ నొక్కినా ఒక్కసారే” అన్నాను. ఓటర్ కంపార్ట్‌మెంట్‌లో ఉండగా పీఓ లోపలికి వెళ్ళకూడదు. చూపించాలంటే బయటే అట్టముక్క నమూనా మీద చూపించాలి. ఒకవేళ నేను చెప్పకపోయినా నష్టం లేదు. మొదటి బటన్ నొక్కగానే బీప్ వస్తుంది, తర్వాత ఎన్ని నొక్కినా మెషిన్ పట్టించుకోదు. ఆమె చేతికి 12 కాగితాలిచ్చి ముద్ర వేయమని ఉంటే? ఒక్కోదాని మీద ఒక్కో ముద్ర పడేది, ఓటు పోయేది. అదే మనిషి, అదే సందేహం. మెషిన్ ఆ పొరబాటును మింగేసింది, కాగితం మింగదు. ఈ మెషిన్ల మీద ఎవరికి ఎన్ని అనుమానాలున్నా, చెల్లని ఓటు అనే జబ్బును దాదాపు మాన్పించింది అవే అని కౌంటింగ్ చేసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.

నిజామాబాద్‌లో ఆ రోజు 68 శాతం దాకా పోలింగ్ జరిగింది. గెలుపు తేడా 70 వేలు దాటింది. జనం గుర్తులు దొరక్క ఎవరికో వేసేశారని ఓడినవాళ్ళు కూడా పెద్దగా అనలేదు. దానికి మెషిన్‌తోపాటు ఇంకో కారణం ఉంది, చాలామంది దాన్ని గమనించరు. ప్రధాన పార్టీల పేర్లన్నీ మొదటి యూనిట్‌లోనే ఉన్నాయి. పార్టీ ఓటర్‌కు మిగతా 11 మెషిన్లతో పనే లేదు. కష్టమంతా రైతు అభ్యర్థికి వేయాలనుకున్న ఓటర్‌ది. ఏ మెషిన్‌లో, ఎన్నో వరుసలో ఉన్నాడో ముందే తెలుసుకుని రావాలి. కొందరు చీటీ మీద నంబర్ రాసుకుని వచ్చారు.

పెద్ద పార్టీల పేర్లు ముందుండే ఈ వరుసకు మూలం నల్గొండలో ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ళతో నడుములు వంగిపోయిన ఊళ్ళ గోడు ఢిల్లీకి వినిపించాలని జలసాధన సమితి పిలుపిస్తే నల్గొండ బరిలో 480 మంది మిగిలారు. అప్పుడు మెషిన్లు లేవు. బ్యాలెట్ పేపర్ పుస్తకమైంది. ఏర్పాట్లు చేయలేక పోలింగే వాయిదా వేశారు. అదే ఏడు తమిళనాడులోని మొడక్కురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది, కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానంలో 456 మంది. అప్పటి పద్ధతిలో పార్టీ అభ్యర్థి, ఇండిపెండెంట్ అన్న తేడా లేకుండా పేర్లన్నీ అక్షర క్రమంలో వచ్చేవి. అంటే పెద్ద పార్టీ అభ్యర్థి పేరు పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఓటర్ వెతుక్కోవాలి. పొడుగు నిజంగా ఓటర్‌ను కష్టపెట్టిన సందర్భం అది.

ఆ ఏడాది ఆగస్టు నుంచి చట్టం మారింది. గుర్తింపు పొందిన పార్టీలు ముందు, రిజిస్టరైన చిన్న పార్టీలు తర్వాత, ఇండిపెండెంట్లు చివర. ఏ గుంపులో ఆ గుంపుకు అక్షర క్రమం. మనం ఈ మార్పును ఎవరూ తలుచుకోం కానీ, ఇవాళ 50, 60 పేర్ల బ్యాలెట్ కూడా ఓటర్‌కు పెద్ద భారం కాకపోవడానికి కారణం ఇదే. ఇండిపెండెంట్లకు ఇది అన్యాయం కాదా అంటే, కొంత నిజమే. జాబితాలో ఎక్కడ కూర్చోబెట్టామన్నది కూడా ఒక రకం పక్షపాతమే. కానీ అందరినీ కలిపేసి పుస్తకం చేతికివ్వడం కంటే ఇదే నయమని నా అభిప్రాయం.

పొడుగు తనంతట తాను చెడగొట్టకపోయినా, ఒక పని మాత్రం చేస్తుంది. పోలిక ఉన్న గుర్తులకూ పేర్లకూ చోటిస్తుంది. అభ్యర్థులు పెరిగేకొద్దీ ఫ్రీ సింబల్స్ (ఏ పార్టీకీ కేటాయించని గుర్తులు) జాబితాలోంచి ఇంకా ఇంకా గుర్తులు తీయాలి, ఏదో ఒకటి పెద్ద పార్టీ గుర్తును పోలి ఉంటుంది. కారు గుర్తు పార్టీకి తగిలినన్ని దెబ్బలు ఇంకెవరికీ తగిలి ఉండవు. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో కారు 5,219 ఓట్ల తేడాతో ఓడింది. అక్కడే రోడ్డు రోలర్ గుర్తుకు 27,973 ఓట్లు వచ్చాయి. 2020 దుబ్బాక ఉప ఎన్నికలో తేడా 1,079. చపాతీ రోలర్ గుర్తున్న ఇండిపెండెంట్‌కు మూడున్నర వేలకు పైగా. వాళ్ళంతా పొరబడినవాళ్ళేనని ఎవరూ చెప్పలేరు, ఓటు రహస్యం కదా. కానీ ప్రచారంలో పెద్దగా కనిపించని అభ్యర్థికి అన్ని వేల ఓట్లు ఊరికే రావు.

పీఓ కుర్చీలోంచి చూస్తే ఇది ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. శుక్లాల కళ్ళు, బూత్ మూలన మసక వెలుతురు, ఆ పైన అట్ట అడ్డం. మెషిన్ మీద అతికించిన కాగితంలో అంగుళం కూడా లేని నల్లటి బొమ్మ, దానికి చక్రాలు. పెద్దాయన చక్రాలు చూసి నొక్కేస్తాడు. వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది, కానీ ఆ లోపే ఆయన బయటికొచ్చేస్తాడు. ఇలాంటి ఓటు చెల్లని లెక్కలోకి రాదు. చక్కగా చెల్లుతుంది, వేరేవాళ్ళకు చెల్లుతుంది. నన్నడిగితే టిక్కు పెట్టి పోగొట్టుకున్న ఓటు కంటే ఇదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఎక్కడా నమోదు కాదు. 2022 మునుగోడులో 47 మంది నిలబడితే ఈ రోడ్డు రోలర్ మీదే పెద్ద రచ్చ అయింది. గుర్తు కేటాయించి, మార్చి, ఎన్నికల సంఘం కోప్పడి మళ్ళీ పాత గుర్తే ఇప్పించింది.

పేర్ల పోలిక ఇంకో తమాషా. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్‌లో చందూలాల్ సాహూ అనే అభ్యర్థి మీద అదే పేరు, దాదాపు అదే పేరున్న మనుషులు పదిమంది దాకా పోటీకి దిగారు. ఆయన గెలిచాడు కానీ 1,217 ఓట్లతో. ఆ తర్వాతి ఏడాది, 2015 నుంచి బ్యాలెట్ మీద అభ్యర్థి ఫొటో వేయడం మొదలైంది. స్టాంపు సైజు బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో ఎవరి మొహమైనా ఒక్కలాగే ఉండేదనుకోండి. 2025లో బిహార్ ఎన్నికల నుంచి ఫొటోలు రంగుల్లో, మొహం పెద్దగా కనిపించేలా, నంబర్లు లావుపాటి అక్షరాల్లో వేస్తున్నారు. అదే నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకు 58 మంది నిలబడి నాలుగు యూనిట్లు పెట్టాల్సి వచ్చినప్పుడు మన దగ్గరా అవే వచ్చాయి. నిజానికి ఇది పదేళ్ళ కింద చేయాల్సిన పని.

ఇంకో ఉదాహరణ అమెరికాది, ఎందుకంటే అక్కడ పేర్లు పదే. 2000లో ఫ్లోరిడా రాష్ట్రం పామ్ బీచ్ కౌంటీలో అధ్యక్ష అభ్యర్థులు పదిమంది. ముసలివాళ్ళకు కనబడాలన్న మంచి ఉద్దేశంతోనే అక్షరాలు పెద్దవి చేశారు. దాంతో పేర్లు ఒక పేజీలో పట్టక ఎదురెదురు రెండు పేజీల మీదికి వెళ్ళాయి, మధ్యలో పొడవాల్సిన రంధ్రాలు ఒకే వరుసలో. ఎడమ పేజీలో అల్ గోర్ పేరు రెండోది, కానీ ఆయన రంధ్రం మూడోది. రెండో రంధ్రం కుడి పేజీలో ఉన్న బుకానన్‌ది. ఆ కౌంటీలో బుకానన్‌కు 3,407 ఓట్లు పడ్డాయి. ఇంకో 19 వేల బ్యాలెట్లలో రెండు చోట్ల పొడిచి ఓటు చెడగొట్టుకున్నారు. రాష్ట్రం మొత్తం మీద బుష్ గెలిచింది 537 ఓట్లతో. పది పేర్లకు ఇంత జరిగింది. పేరుకూ బటన్‌కూ మధ్య కన్ను దారి తప్పే అవకాశం ఉంటే చాలు, పొడుగుతో పనిలేదు. మన మెషిన్‌లో పేరు, ఫొటో, గుర్తు, బటన్ అన్నీ ఒకే గీత మీద ఉండటం ఎంత విలువైన విషయమో ఇది చదివాకే నాకు తెలిసొచ్చింది.

పంచాయతీ ఎన్నికల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఒక మాట. అక్కడ సర్పంచ్‌కు గులాబీ రంగు పేపర్, వార్డు మెంబర్‌కు తెల్లది, వాటి మీద పేర్లే ఉండవు, గుర్తులే. పేపర్ పొట్టిదే. చెల్లనివి మాత్రం ఉంటాయి: రెండు గుర్తుల మధ్య గీత మీద పడిన ముద్రలు, ముద్ర బదులు వేలిముద్రలు. సిరా ఆరకముందే మడిచితే అవతలి గుర్తు మీద కూడా మచ్చ పడుతుంది. అందుకే స్వస్తిక్ ఆకారం ముద్ర వాడతారు. మడతలో అంటుకున్నది అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది, అసలు ముద్ర ఏదో టేబుల్ మీద తేలిపోతుంది. ఆ ఓటు తిరస్కరించనక్కర్లేదు.

ఇక అభ్యర్థుల సంఖ్యకు హద్దు పెట్టాలా అన్న మీ రెండో ప్రశ్న. డబ్బుతో హద్దు పెట్టడం మనం ఎప్పుడో చేశాం. 1996లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలు. దేశం మొత్తం మీద 13,952 మంది పోటీ చేశారు. అది 10 వేలు చేసి, ఇండిపెండెంట్‌కు పదిమంది ప్రతిపాదించాలన్నాక 1998లో 4,750కి పడిపోయింది. సరదాకు నిలబడేవాళ్ళని అది ఆపింది. 2010 నుంచి 25 వేలు. అయినా 2019లో నిజామాబాద్ రైతులు ఆగలేదు. 178 మందికి తలా 25 వేలంటే 44 లక్షల పైమాటే. ఎస్సీ, ఎస్టీలకు సగమే కాబట్టి కొంత తగ్గి ఉండొచ్చు. అది తిరిగి రాదని తెలిసే కట్టారు. నల్గొండలో 480 మంది, నిజామాబాద్‌లో 178 మంది నిలబడింది గెలవడానికి కాదు, బ్యాలెట్ పేపర్‌నే అర్జీగా మార్చడానికి. పసుపు బోర్డు చివరికి 2025లో నిజామాబాద్‌లోనే పెట్టారు. అది ఆ నామినేషన్ల వల్లే వచ్చిందా అంటే చెప్పలేను, కానీ ఆ 12 మెషిన్ల ఫొటో చూశాకే పసుపు బోర్డు అనే మాట దేశంలో చాలామందికి తెలిసింది.

ఇది మన దగ్గరే అనుకోకండి. కెనడాలో ఓటింగ్ పద్ధతి మార్చాలని కోరేవాళ్ళు ఇదే దారి పట్టారు. 2025 ఏప్రిల్ ఎన్నికల్లో కార్ల్‌టన్ స్థానంలో 91 మంది, ఆగస్టులో ఆల్బర్టాలోని ఒక ఉప ఎన్నికలో 214 మంది నిలబడ్డారు. ఆ రెండోసారి అధికారులు పేర్లు అచ్చువేయడమే మానేసి, ఓటరే అభ్యర్థి పేరు రాసే ఖాళీ బ్యాలెట్ ఇచ్చారు. స్పెల్లింగ్ తప్పినా ఎవరో అర్థమైతే చాలన్నారు. మన ఎమ్మెల్సీ నిబంధనల్లో ఆ ఉదారత పది శాతం ఉన్నా బాగుండేది. ఒక్క పేరు ఎదురుగానే స్పష్టంగా టిక్కు ఉండి, కాగితం మీద ఇంకే గీతా లేకపోతే దాన్ని మొదటి ప్రాధాన్యంగా లెక్కించడంలో నాకు తప్పేమీ కనిపించదు. చట్టం ఒప్పుకోదు, కాబట్టి టేబుల్ మీద మేం తీసి పక్కన పడేయాల్సిందే. మార్చాల్సింది ఆ నిబంధన. హద్దు పెట్టాలంటే పోలిక ఉన్న గుర్తులకు పెట్టండి. నిలబడే మనిషికి వద్దని నా మాట.

మీకు గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఓటుందని రాశారు కాబట్టి, వచ్చేసారికి పనికొచ్చే సంగతులు. ‘1’ తప్పనిసరి, అదీ ఒక్కరికే. 2, 3 ఇష్టముంటే వేయండి, లేకపోతే మానేయండి, ఒక్క ‘1’ ఉన్నా ఓటు చెల్లుతుంది. ‘2’ పొరబాటున ఇద్దరికి పడినా మీ మొదటి ఓటుకు ఏమీ కాదు, అక్కడి నుంచి తర్వాతివి మాత్రం లెక్కలోకి రావు. తెలుగు అంకె వేసినా, రోమన్ అంకె వేసినా సరే, ఒక్క ఓటులో ఒకే రకం వాడండి. అక్షరాల్లో రాయొద్దు. అంకె గడి దాటి పక్క వరుసలోకి పోకూడదు. పేపర్ పొడుగ్గా ఉన్నప్పుడు వరుస జారకుండా పేరు మీద ఎడమచేతి వేలు ఆనించి ఉంచి కుడిచేత్తో రాయండి. మీ పెన్ను జేబులోనే ఉండనివ్వండి.

ఇది చాలామందికి తెలియదు, మేం కూడా అడిగితే తప్ప చెప్పం: పేపర్ పెట్టెలో వేయకముందే పొరబాటు గమనిస్తే, దాన్ని పీఓకి తిరిగిచ్చి, తెలియక పాడైందని చెప్పండి. ఆయనకు నమ్మకం కుదిరితే పాతదాన్ని రద్దు చేసి కొత్త పేపర్ ఇస్తారు. సిగ్గుపడి పాడైన పేపర్‌ని అలాగే మడిచి పెట్టెలో వేసేసి వచ్చేవాళ్ళే ఎక్కువ.